తూర్పు పొరుగువారి సంతకం

గవ్వలపేటలో సూరాడ గున్నమ్మకి ఇల్లు కావాలన్న కోరిక లేదు. వంటిల్లు కావాలన్న కోరిక. ఒక్క వంటిల్లే కట్టుకుంటే నలుగురూ నవ్వుతారని, దాని చుట్టూ ఒక ఇల్లు కూడా కట్టుకుందామని మొగుడు ఎర్రయ్యని ఒప్పించింది.

పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆమె కాపురం బావగారింటి వసారాలో, వంట తోటికోడలు అప్పలకొండ పొయ్యి మీద. అప్పలకొండ చెడ్డ మనిషేం కాదు. ఎవరి గిన్నె మీద మూత ఉన్నా తీసి చూడందే ఆమెకి ఊపిరాడదు, అంతే. చూసి ఊరుకున్నా బాగుండేది. "ఇదేటే, పులుసా, కుడితా?" అని అడిగి, తన వంతుగా గుప్పెడు ఉప్పు పడేసి, మూత పెట్టి వెళ్ళేది. అలా ఇద్దరు ఉప్పేసిన కూర తిని ఎర్రయ్య వేటకి వెళితే, పడవలో తాగడానికి పట్టుకెళ్ళిన నీళ్ళన్నీ తీరం కనుమరుగయ్యే లోపే అయిపోయేవి.

ఎర్రయ్య తాత నాటి పట్టా స్థలం ఒకటి ఊరి చివర, ఇసుక మొదలయ్యే చోట ఉంది. అది పాత ఇళ్ళ వరసలోనే ఉందని తేలి, తీరం పక్కన కట్టుకోవడానికి కావలసిన పెద్ద అనుమతి ఎవరూ ఊహించనంత తొందరగా వచ్చేసింది. గున్నమ్మ అప్పుడే భయపడవలసింది. పొరపాటున సంతోషించింది.

సరిగ్గా అప్పుడే జిల్లాలో 'సత్పొరుగు ఉద్యమం' మొదలైంది. ఎక్కడో ఇద్దరు పెద్దమనుషులు ప్రహరీగోడ దగ్గర తలలు పగలగొట్టుకున్నారట. ఆ వార్త చదివి చలించిపోయిన పై అధికారి ఒకాయన, ఇకమీదట ఇల్లు కట్టదలచినవారు నాలుగు దిక్కుల పొరుగువారి దగ్గర హృదయపూర్వక సమ్మతి తీసుకోవాలని ఉత్తర్వు వేశారు. ఊరూరా బొమ్మలు అంటించారు. గోడకి అటొక ఇల్లాలు, ఇటొక ఇల్లాలు నిలబడి, నవ్వుకుంటూ కూరగిన్నె ఇచ్చిపుచ్చుకుంటున్న బొమ్మ. అది గీసినవాడికి పొరుగు లేదని గున్నమ్మకి చూడగానే తెలిసిపోయింది.

మూడు సంతకాలు చిటికెలో అయ్యాయి. పడమట అప్పలకొండ. దేనికో చెప్పకముందే సంతకం పెట్టేసి, "నా పొయ్యెప్పుడొదిలేస్తావు?" అని అడిగింది. ఉత్తరాన వలలు అల్లుకునే దండాసి తాత. వేలిముద్ర వేసి, ఆ వేలు వలకే తుడుచుకున్నాడు. దక్షిణాన పంచాయతీ దారి. దారి తరఫున పంచాయతీ కార్యదర్శి సదాశివ పట్నాయక్ గారు తామే సంతకం పెట్టి, కింద తమకి తామే ధన్యవాదాలు తెలుపుకున్నారు.

పట్నాయక్ గారు మాట్లాడితే కాగితం చదువుతున్నట్టుంటుంది. కాగితం చదివితే పూజ చేయిస్తున్నట్టుంటుంది.

"మూడు దిక్కులూ సంతృప్తికరం. తూర్పు?" అన్నారు.

"తూర్పునేటుంది బావు, సముద్రం."

"నేనూ అదే మనవి చేస్తున్నాను. పట్టాలో 'తూర్పు: సముద్రం' అని స్పష్టంగా ఉంది. సదరు పొరుగువారి సమ్మతి జతపరచలేదు."

గున్నమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆమె నవ్వు అర్ధంతరంగా ఆపి, పైటచెంగుతో మూతి తుడుచుకుంది.

"మజ్జిన బోలెడంత ఇసకుంది కద బావు?"

"ఇసుక పట్టాలో లేదమ్మా. లేనిదాన్ని నేను చూడలేను. ఉన్నదాన్ని చూడకుండా ఉండలేను."

"పోనీ, దారికి తమరే ఎట్టినారు కదా సంతకం. సముద్రానికీ తమరే ఎట్టీండి."

"దారి పంచాయతీది. సముద్రం పంచాయతీది కాదు," అన్నారు పట్నాయక్ గారు, ఆ అన్యాయం తమని ఎన్నాళ్ళ నుంచో బాధిస్తున్నట్టు. "మినహాయింపుల్లో గుడి ఉంది, బడి ఉంది, శ్మశానం ఉంది. సముద్రం లేదు. అంటే అర్థమేమిటి? తన మాట తాను చెప్పుకునే అవకాశం ప్రభుత్వం సముద్రానికి ఉద్దేశపూర్వకంగానే ఇచ్చింది."

గున్నమ్మ ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది. ఎర్రయ్య చాలాసేపు ఆలోచించాడు. "నాను రోజూ కలుస్తాను గానీ, ఎన్నడూ సంతకాల మాట రాలేదే," అన్నాడు.

సముద్రం తనంతట తాను పంచాయతీ ఆఫీసుకి రాదు గనక, వస్తే ఆఫీసు ఉండదు గనక, నోటీసు పంపాలని నిర్ణయమైంది. 'శ్రీ సముద్రం గారికి' అని మొదలుపెట్టగానే ఊళ్ళో ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. అది గంగమ్మ తల్లి, శ్రీ ఏమిటి, శ్రీమతి అనండి అన్నారు. శ్రీమతి అయితే భర్త పేరు కావాలన్నారు పట్నాయక్ గారు. పంచాయతీ అరుగు మీద పెద్ద చర్చ జరిగింది.

"శివుడంతారు కదే?"

"శివుడికి పార్వతుంది కదేటి?"

"అందుకే కామోసు, ఎప్పుడూ అలగ హోరుమంటాది."

చివరికి శ్రీ, శ్రీమతి రెండూ తీసేసి, 'సముద్రం గారు, ఊరి తూర్పున' అని విలాసం రాశారు.

నోటీసు ఇచ్చే పని బంట్రోతు దాలినాయుడిది. పొరుగువారి చేతికే ఇవ్వాలి, వారు తీసుకోకపోతే తలుపుకి అంటించాలి అని నిబంధన. సముద్రానికి తలుపు లేదు గనక తీసుకుంటే బాగుండునని దండం పెట్టుకుని, అతను ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళలోకి దిగాడు. కాగితం ముందుకి చాచాడు. ఒక అల మర్యాదగా వచ్చి కాగితం తీసుకెళ్ళింది. ఇంకొక అల వచ్చి అతని చెప్పు కూడా తీసుకెళ్ళింది. మూడో అల ఒక కొబ్బరికాయ తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది.

దాలినాయుడు కొబ్బరికాయ పట్టుకుని పరిగెత్తాడు. "నోటీసందుకున్నారండి! జవాబిచ్చినారండి!"

అక్కడున్న ఆడవాళ్ళు గున్నమ్మని మెచ్చుకున్నారు. కొబ్బరికాయ అంటే శుభం, తల్లి ఒప్పుకున్నట్టే అన్నారు. గున్నమ్మ మనసులో అప్పటికప్పుడు పొయ్యి తూర్పు గోడకి చేరింది. పట్నాయక్ గారు మాత్రం కొబ్బరికాయకేసి పామును చూసినట్టు చూశారు.

"దరఖాస్తు విచారణలో ఉండగా కక్షిదారు నుంచి కానుక స్వీకరించడం నేరం. తక్షణం వాపసు చెయ్యి."

దాలినాయుడు కొబ్బరికాయ తీసుకెళ్ళి సముద్రంలోకి విసిరాడు. సముద్రం తెచ్చి ఇచ్చింది. మళ్ళీ విసిరాడు. మళ్ళీ ఇచ్చింది. ఆ పూటంతా ఇదే పని. ఆఖరికి అతని చెయ్యి పడిపోతే, 'పొరుగువారు కానుక స్వీకరించవలసిందిగా పలుమార్లు ఒత్తిడి తెచ్చారు' అని పట్నాయక్ గారు ఫైలులో సముద్రం మీద ఒక మచ్చ రాసి పెట్టారు.

మచ్చ ఉన్న పొరుగువారి విషయం పంచాయతీ స్థాయిలో తేలదు. అందుకని సత్పొరుగు ఉద్యమ ప్రత్యేకాధికారి భానుమూర్తి గారు స్వయంగా బహిరంగ విచారణకి వచ్చారు. ఎర్రగా, గుండ్రంగా, ఎప్పుడూ ఎవరినో ఆశీర్వదిస్తున్నట్టు ఉండే మనిషి. మంచిరోజని పున్నమి నాడు పెట్టుకున్నారు. హద్దు దగ్గరే జరగాలని నీళ్ళ అంచున శామియానా వేయించి, తివాచీ పరిపించి, మూడు కుర్చీలు వేయించారు. మూడోది సముద్రం గారికి. ఊరి జనం మాత్రం ఎందుకో బాగా వెనక్కి జరిగి, ఒడ్డున బోర్లించిన పడవలెక్కి కూర్చున్నారు.

"సముద్రం గారూ!" అని దాలినాయుడు కోర్టులో పిలిచినట్టు పిలిచాడు. ఏమీ జరగలేదు. రెండోసారి పిలిచాడు. తివాచీ అంచు తడిసింది. మూడోసారి పిలిచేసరికి సముద్రం గారు శామియానా లోపలికే వచ్చి, తమ కుర్చీ తాము తీసుకుని వెళ్ళిపోయారు.

భానుమూర్తి గారికి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. ప్యాంటు ఎలాగూ చెమర్చింది. "చూశారా! పిలవగానే హాజరయ్యారు. మన ఉద్యమం మీద ప్రకృతికే ఇంత గౌరవం ఉంటే, మానవులెందుకు వెనకాడాలి?" అన్నారు. తర్వాత గొంతు సవరించుకుని తూర్పుకి తిరిగారు. "అయ్యా, తమ పడమటి పొరుగైన సూరాడ గున్నమ్మ గృహనిర్మాణానికి తమకేమైనా అభ్యంతరమా?"

సముద్రం ఎప్పుడూ అనేదే అంది.

"అభ్యంతరంలాగే ఉంది సార్," అన్నారు పట్నాయక్ గారు. "స్వరంలో ఆవేశం ఉంది."

"ఆమోదం కూడా ఆవేశంగా ఉండవచ్చు కదా," అన్నారు భానుమూర్తి గారు న్యాయంగా.

గున్నమ్మ పడవ మీంచి కేకేసింది. "ఆయమ్మ మాటే అంత బావూ! కోపమొచ్చినా అదే, సరదా పుట్టినా అదే. మా అప్పలకొండక్క కూడా అలగే మాటాడతాది!"

"నా పేరెందుకెత్తుతావే మజ్జిన?" అంది పక్క పడవ మీంచి అప్పలకొండ, అచ్చంగా అదే గొంతుతో. జనం పడవల మీంచి పడిపోయేట్టు నవ్వారు.

భానుమూర్తి గారు కుర్చీలో కాళ్ళు పైకి మడుచుకుని తీర్పు చెప్పారు. పొరుగువారు హాజరైనారు. మాట్లాడినారు. అయితే వారి మాట గుర్తింపు పొందిన ఏ భాషలోనూ లేదు. వేలిముద్ర వేయడానికి వేలు లేదు. ఇటువంటి నిస్సహాయ పొరుగువారిని గున్నమ్మ వంటి బలవంతుల దయకి వదిలిపెట్టడం ఉద్యమ స్ఫూర్తికి విరుద్ధం. కనుక సముద్రం తరఫున మాట్లాడి, సంతకం పెట్టేందుకు ఒక ప్రతినిధిని నియమించాలి. ప్రతినిధికి కార్యాలయం ఉండాలి. కార్యాలయం సముద్రాన్ని ఆనుకుని ఉండాలి.

"ఇసక మీదేయించండి బావు," అంది గున్నమ్మ.

"ఇసుక రికార్డులో లేదన్నారు కదా పట్నాయక్ గారు. రికార్డు ప్రకారం సముద్రాన్ని ఆనుకున్నది మీ స్థలం ఒక్కటే. అదృష్టవంతులు! మూడు వైపులా సమ్మతులు కూడా సిద్ధంగా ఉన్నాయి. నాలుగో వైపు వారు తమ కార్యాలయానికి తామే అభ్యంతరం చెప్పుకోరు."

గున్నమ్మ పడవ దిగి వచ్చింది. "అంటే, నా స్థలంలో నాను ఇల్లు కట్టుకుందికి సంతకమెట్టే ఆఫీసు, నా స్థలంలోనే కడతారా?"

"అవును. ప్రజాప్రయోజనార్థం. అది పూర్తి కాగానే మొట్టమొదటి అనుమతి మీకే."

"అప్పుడు ఇల్లెక్కడ కట్టుకోను బావు?"

"మీ స్థలంలో," అన్నారు భానుమూర్తి గారు. ఆయన ముఖంలో రవ్వంత కల్మషం లేదు. గున్నమ్మ వెతికి చూసింది కూడా.

ఆ సాయంత్రం ఆమె వంట చేసింది గానీ ఏం చేసిందో తెలీదు. అప్పలకొండ వచ్చి మూత తీసింది. చూసింది. ఒక్క మాట అనకుండా, ఉప్పు వెయ్యకుండా, మెల్లిగా మూత పెట్టేసి పోయింది. అప్పటిదాకా దిగమింగుకుని ఉన్న గున్నమ్మకి ఆ మర్యాద చూశాక ఏడుపాగలేదు.

గున్నమ్మ ఇంటికి ఒక్క ఇటుక కూడా పడని ఊళ్ళో సముద్రం గారి కార్యాలయం పుట్టగొడుగులా లేచింది. ముందు వసారా, మధ్య ప్రతినిధి గది, వెనక సిబ్బంది తినడానికీ కాచుకోవడానికీ ఒక వంటగది. వంటగదికి తూర్పు వైపు కిటికీ. గున్నమ్మ మొదట అటు చూడనే లేదు. నాలుగు గోడలు లేచాక ఒక పూట చూసింది. తర్వాత రోజూ వెళ్ళింది. పనివాళ్ళకి మజ్జిగ పట్టుకెళ్ళేది, ఒక్కోరోజు వేయించిన నెత్తళ్ళ చేపలు. మజ్జిగ తాగుతున్నంతసేపూ తాపీమేస్త్రికి సముద్రం గారి అలవాట్లు చెప్పేది.

"గట్టు మరీ అంతెత్తొద్దు బావు. పొట్టోళ్ళకి అందొద్దేటి?"

"పొగ పోడానికి బొక్క ఎట్టవా? ఉప్పుగాలికి ఆఫీసు ఉక్కిరిబిక్కిరైపోదూ?"

మేస్త్రి ఒకరోజు తాపీ దించి అడిగాడు. "అన్నీ సరే గానమ్మా, ఆఫీసుకి రుబ్బురోలెందుకు?"

"సముద్రం గారి ఆఫీసు. సేపలు తెస్తే మసాలా నూరొద్దేటి?"

అది నిజమే అనిపించి మేస్త్రి రోలు పాతాడు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ప్రతినిధి మాత్రం రాలేదు. మొదట వేసినాయన, ఉప్పుగాలికి ఫ్రిజ్జు తుప్పు పడుతుందని భార్య ఒప్పుకోలేదంటూ బదిలీ చేయించుకున్నాడు. రెండో ఆయనకి నీళ్ళంటే భయమని డాక్టరే రాసిచ్చాడు. చివరికి పట్నాయక్ గారికే అదనపు బాధ్యత అప్పగించారు. ఆయన ఒక కొత్త రబ్బరుస్టాంపు చేయించుకుని, కార్యాలయానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. సముద్రం సంతకం అడిగిన గున్నమ్మని, ఇంతకీ ఇల్లు కట్టే ఖాళీ స్థలం ఏదో చూపించమన్నారు.

ఆకాశం నల్లబడుతోంది. వానలు దిగితే వసారాలో కాపురం, వంటింట్లో ఇద్దరాడవాళ్ళు, ఒకే పొయ్యి. ఉల్లిపాయలు తరుగుతూ గున్నమ్మ తోటికోడలితో అంది. "అక్కా, నీ తూర్పు పొరుగెవులిప్పుడు?"

"నువ్వే కదేటి?"

"నాను కాదు. సముద్రం గారు. ఇల్లు కట్టించుకుని తాళమేసుకుని పోయినారు. పొరుగన్నాక మంచీ సెడ్డా ఉండొద్దా? ఆ వసారాలో కుక్కలు, ఆ ఎనకాల తాగుబోతులు. నువ్వెలగ ఊరుకుంటన్నావో!"

అప్పలకొండకి ఊరుకోవడం ఎలాగో నిజంగానే తెలీదు. పైగా ఈ పని జరిగితే తన పొయ్యి తనకి దక్కుతుందని కూడా లెక్క తట్టింది. మర్నాడు పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి సముద్రాన్ని తిట్టిన తిట్లకి, చేపలవాళ్ళు తట్టలు దించుకుని మరీ విన్నారు. "అదేం పొరుగండీ! ఒక్కనాడు గుమ్మంలో దీపమెట్టిందా? ముగ్గేసిందా? కూరగిన్నె ఇచ్చిందా? బొమ్మలో ఏటి రాసినారు, ఇక్కడేటి జరుగుతోంది?"

పట్నాయక్ గారి ముఖం పాలిపోయింది. ఒక్క పొరుగు ఫిర్యాదు నమోదైతే చాలు, మండలమంతా ఉత్తమ సత్పొరుగు పురస్కారం పోగొట్టుకుంటుంది. దాని కోసమే భానుమూర్తి గారు మళ్ళీ తనిఖీకి వస్తున్నారు.

"సముద్రం గారి ఇంట్లో ఎవరైనా కాపురం ఉండి తీరాలి," అని గొణుక్కున్నారు.

"మావుంటాం బావు," అంది, ఎప్పటి నుంచో తలుపు దగ్గరే నిలబడి ఉన్న గున్నమ్మ. "ఊడుస్తాం, దీపమెడతాం, అక్కకి కూరగిన్నె ఇస్తాం."

"యజమాని అనుమతి ఉండాలమ్మా."

"యజమాని తరపునెవులు బావు?"

పట్నాయక్ గారు కార్యదర్శిగా ఒక విన్నపం రాశారు. లేచి, కార్యదర్శి కుర్చీలోంచి ఎదురుగా ఉన్న కుర్చీలోకి మారి కూర్చున్నారు. కార్యదర్శి రాసిన విన్నపాన్ని సముద్రం గారి ప్రతినిధిగా అందుకుని, రెండుసార్లు చదివి, ఒక చోట అక్షరదోషం దిద్ది, దయతో ఆమోదించారు. కొత్త స్టాంపు ఎంత గట్టిగా కొట్టారంటే బల్ల మీద గాజుగ్లాసు ఎగిరింది.

భానుమూర్తి గారు తనిఖీకి వచ్చేసరికి కార్యాలయం గుమ్మంలో ముగ్గుంది, దండెం మీద చీరలున్నాయి, లోపలి నుంచి వంజరం పులుసు వాసన వస్తోంది. ప్రతినిధి గదిలో ఎర్రయ్య వల చిక్కులు తీసుకుంటున్నాడు. పడమటి పొరుగు అప్పలకొండ గుమ్మం బయటే నిలబడి, చేతిలో కూరగిన్నెతో, సముద్రం గారంత మంచి పొరుగు లేదని చెప్పింది. చెబుతూనే మెడ సాచి లోపలి పొయ్యికేసి చూడబోయింది. గున్నమ్మ తలుపు దగ్గరగా వేసింది.

పులుసుతో రెండుసార్లు అన్నం కలుపుకున్నాక భానుమూర్తి గారి మనసు మరీ మెత్తబడింది. పట్నాయక్ గారిని పిలిచి, గున్నమ్మ ఫైలు అక్కడికక్కడే తెప్పించి, సముద్రం గారి తరఫున సమ్మతి కూడా వేయించారు. "నాలుగు దిక్కులా అనుమతి వచ్చింది. ఇక మీ సొంత ఇల్లు నిరభ్యంతరంగా కట్టుకోవచ్చు. ఎప్పుడు ముహూర్తం?"

గున్నమ్మ ఆయన పళ్ళెంలో ఇంకొక ముక్క వేసింది.

"ఎందుకు బావు. సొంతిల్లంటే నలుగురినీ అడగాల. ఇక్కడైతే ఓనరమ్మ ఒక్కతే."

"ఓనరుతో ఇబ్బందేమీ లేదు కదా?"

గున్నమ్మ కిటికీలోంచి తూర్పుకి చూసింది.

"మంచిదే బావు. వాగుడెక్కువ, రాత్రీ పగలూ తెంపుండదు. పున్నమికి గుమ్మం దాకా కూడా వస్తాది. గానీ ఎన్నడూ నా గిన్నె మూత తియ్యలేదు."